మ్యాచ్ పండగ కింద లెక్కా?

2023 నవంబర్ 19, ఆదివారం. రాత్రి తొమ్మిదిన్నర అయింది. మధ్యాహ్నం రెండింటి నుంచి మోగుతున్న టీవీలు ఒక్కో ఇంట్లో ఒక్కొక్కటే ఆగిపోయాయి. మర్నాడు కార్తీక సోమవారం, మామూలుగా ఆ వేళకి మా వీధి అరుగుల మీద ఆడవాళ్ళు ఉపవాసాల గురించి, దీపాల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ రాత్రి ఎవరూ బయటికి రాలేదు. అహ్మదాబాద్ స్టేడియంలో అంత జనం నోట మాట లేకుండా ఎలా కూర్చున్నారో, చిలకలూరిపేట దగ్గర మా చిన్న ఊరు కూడా అలాగే ఉంది. క్రికెట్ ప్రపంచకప్‌లో వరసగా పది మ్యాచ్‌లు గెలిచి, అసలైన పదకొండోది, ఆస్ట్రేలియాతో ఫైనల్, పోగొట్టుకున్నాం.

నాన్న ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. "నేను లేవకుండా ఉండాల్సిందిరా" అన్నాడు.

కోహ్లీ 54 మీద ఉండగా బీపీ మాత్ర కోసం లేచాడు నాన్న. వంటింట్లో నీళ్ళు ఒంపుకుంటూ ఉంటే కమ్మిన్స్ బంతి బ్యాటుకి తగిలి వికెట్ల మీదకి వెళ్ళింది. అదీ ఆయన బాధ. ఆ మాట నవ్వులాటకి అనలేదు. ఆ మొహం నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆయనతో కలిసి చూసిన ఆఖరి పెద్ద మ్యాచ్ అదే. రెండు నెలలు తిరిగేసరికి, సంక్రాంతి వెళ్ళిన వారానికి నాన్న పోయాడు.

మా నాన్న లెక్కల మేష్టారు. దేవుణ్ణి నమ్మేవాడు కాదు. అమ్మ తిరుపతి వెళ్తానంటే తోడు వెళ్ళేవాడు గానీ క్యూలో నిలబడేవాడు కాదు, బయట ఎక్కడో నీడ చూసుకుని పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. ముహూర్తం చూడకుండా ఇల్లు కట్టాడు, అమావాస్య రోజున నన్ను కాలేజీలో చేర్చాడు. పిల్లి ఎదురొస్తే ఆగే వాళ్ళకి రోడ్డు మీదే పాఠం చెప్పేవాడు. అలాంటి మనిషికి జీవితం మొత్తంలో ఉన్న ఒకే ఒక్క నియమం ఏమిటంటే, ఇండియా బ్యాటింగ్ చేస్తుండగా కుర్చీలోంచి లేవకపోవడం.

అది ఎప్పుడు మొదలైందో కూడా నాకు తెలుసు. 1996 మార్చి 13, కలకత్తా, శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్. నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇంట్లో కలర్ టీవీ ఉండేది కాబట్టి వీధిలో సగం మంది మా ముందుగదిలోనే ఉన్నారు. సచిన్ 65 మీద ఉన్నాడు, స్కోరు ఒక వికెట్టుకి 98. వెనక నుంచి ఎవరో పెద్దాయన మంచినీళ్ళు అడిగితే నాన్న లేచాడు. ఆ నిమిషంలోనే సచిన్ స్టంపౌట్ అయ్యాడు. అక్కడి నుంచి చూస్తూ ఉండగానే ఎనిమిది వికెట్లకి 120. స్టాండ్స్‌లో మంటలు పెట్టారు, గ్రౌండులోకి సీసాలు విసిరారు, మ్యాచ్ ఆపేసి శ్రీలంక గెలిచినట్టు ప్రకటించారు. కాంబ్లీ ఏడుస్తూ నడిచి వెళ్ళాడు. ఆ రాత్రి మా ముందుగదిలో కూర్చున్న పెద్దవాళ్ళు, ఆస్తి పంపకాల్లో కూడా కంటతడి పెట్టని వాళ్ళు, కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాన్న ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు ఎవరు నీళ్ళు అడిగినా ఆయన మాత్రం లేవలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, "క్రికెట్ మా మతం, సచిన్ మా దేవుడు" అనే మాట నేను కూడా పాతికేళ్ళు అన్నాను. 2013 నవంబర్ 16న వాంఖెడేలో సచిన్ చివరిసారి పిచ్ దగ్గరికి వెళ్ళి వంగి దండం పెట్టినప్పుడు ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను. అప్పుడు ఆ మాట నాకు అక్షరాలా నిజం. నాన్న పోయాక ఆ మాట దగ్గర ఆగిపోయాను. దేవుణ్ణి నమ్మని మా నాన్నకి క్రికెట్ మతమైందా? దేవుడు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటే అక్కడ సచిన్ వచ్చి కూర్చున్నాడా? చాలామంది అలాగే అంటారు. నాకు మాత్రం అది సగమే నిజం అనిపిస్తోంది, మిగతా సగం ఏమిటో చెప్పాలని ఉంది.

మతం తగ్గిన చోట ఆట పెరుగుతుంది అనే వాదం పుట్టింది యూరప్‌లో. అక్కడ దానికి ఆధారం ఉంది కూడా. ఇంగ్లండ్‌లో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కొన్ని చర్చి ఒళ్ళోనే పుట్టాయి. ఆస్టన్ విల్లా 1874లో ఒక ప్రార్థనా మందిరం కుర్రాళ్ళు పెట్టుకున్న జట్టు, ఎవర్టన్ 1878లో ఒక మెథడిస్ట్ చర్చి జట్టుగా మొదలైంది. ఆ తర్వాతి వందేళ్ళలో ఆదివారం చర్చిలో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి, శనివారం స్టేడియంలో సీట్లు నిండుతూ వచ్చాయి. పాటలు, జెండాలు, తండ్రి చేయి పట్టుకుని మొదటిసారి వెళ్ళిన జ్ఞాపకం, ఇవన్నీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారాయంటే నమ్మొచ్చు.

కానీ మన దగ్గర ఏ గుడి ఖాళీ అయింది? తిరుమలకి రోజుకి అరవై డెబ్బై వేల మంది వెళ్తున్నారు. శబరిమల మాల వేసుకునే వాళ్ళు మా చిన్నప్పుడు ఊరికి నలుగురు ఉంటే ఇప్పుడు వీధికి నలుగురు ఉన్నారు. మాల వేసుకున్న కుర్రాడే సాయంత్రం పూజ అయ్యాక భిక్ష చేసి వచ్చి ఐపీఎల్ వేలం వార్తలు చూస్తాడు. మన నితీశ్ కుమార్ రెడ్డి సంగతే చూడండి. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ కొట్టాడు, స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న ఏడుస్తుంటే తెలుగువాళ్ళంతా ఏడ్చారు, ఆ కుర్రాడు ఇంటికి తిరిగొచ్చి చేసిన పని తిరుమల మెట్లు మోకాళ్ళ మీద ఎక్కడం. సింధు 2016లో రియో నుంచి వెండి పతకం తెచ్చుకుని హైదరాబాద్ లాల్ దర్వాజ అమ్మవారికి బోనం ఎత్తింది. మనం దేవుళ్ళు అనుకునే వాళ్ళే అసలు దేవుడి దగ్గరికి వెళ్ళి మొక్కు తీర్చుకుంటున్నారు. కాబట్టి మన దగ్గర క్రికెట్ దేవుడి చోటు తీసుకోలేదు. అది తీసుకున్న చోటు వేరే, అదేమిటో చెప్పాలంటే మా ప్రభ గురించి చెప్పాలి.

మా వైపు శివరాత్రి అంటే కోటప్పకొండ, కోటప్పకొండ అంటే ప్రభలు. చుట్టుపక్కల ఊళ్ళు తమ తమ ప్రభలు కట్టుకుని త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకి తీసుకెళ్తాయి. కర్రలు, వెదుళ్ళు, గుడ్డలు, కరెంటు దీపాలు, ఎనభై తొంభై అడుగుల ఎత్తు దాకా లేచినవి ఉంటాయి. చూడని వాళ్ళకి చెప్పడం కష్టం, ఒక మేడని నిలబెట్టి పొలాల మధ్య నుంచి నడిపిస్తున్నట్టు ఉంటుంది. మా ఊరి ప్రభ అంత పెద్దది కాదు గానీ, అది లేవాలంటే నెల ముందు నుంచి ఊరంతా పని చేయాలి. చందాలు ఒకరు వసూలు చేస్తారు, వెదుళ్ళు ఒకరు తెస్తారు, కట్టు కట్టే వాళ్ళు వేరే, దీపాల వాళ్ళు వేరే. దారిలో ప్రభ ఒరగకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకోవాలి, ఒక వైపు వాళ్ళు ఏమరితే అది ఇంకో వైపు వాళ్ళ మీద పడుతుంది. పదిహేనేళ్ళప్పుడు నాకు మొదటిసారి మోకు ఇచ్చారు. అరచేతులు బొబ్బలెక్కాయి. దేవుణ్ణి నమ్మని మా నాన్న కూడా ఏటా చందా లెక్కలు రాసేవాడు, ఎందుకంటే ఊళ్ళో లెక్కలు బాగా వచ్చింది ఆయనకే, ఆ పని ఇంకెవరికీ ఇవ్వరు. పక్కూరి ప్రభ మనకన్నా ఎత్తుగా ఉంటే ఏడాదంతా బాధే. వాళ్ళ దీపాలు దారిలో ఆగిపోయాయంటే మా కుర్రాళ్ళ ఈలలు. అక్కడ భక్తి ఎంత, పంతం ఎంత అని ఎవరూ విడదీయలేదు.

ఇప్పుడు మా ఊరి నుంచి ప్రభ రెండేళ్ళకో మూడేళ్ళకో వెళ్తోంది. ఊళ్ళో మోకు పట్టే వయసు వాళ్ళు లేరు. హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్. నేనూ ఊరు వదిలిన వాణ్ణే. నగరంలో అపార్ట్‌మెంటులో ఎదురింటి ఆయన పేరు తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అది కూడా 2011 ఏప్రిల్ 2 రాత్రి ప్రపంచకప్ ఫైనల్లో ధోనీ సిక్స్ కొట్టాక ఇద్దరం తలుపులు తీసుకుని ఒకేసారి బయటికి వచ్చి ఒకరినొకరు కావిలించుకున్నప్పుడు. ఆ తర్వాత "మీ పేరు?" అని అడిగాను. ఆ రాత్రి ట్యాంక్‌బండ్ మీద ఎవరు ఎవరి బండి ఎక్కారో, ఎవరు ఎవరికి స్వీటు తినిపించారో చెప్పలేను. తిరునాళ్ళలో తప్ప ఇంకెక్కడా నాకు అలా అనిపించలేదు.

మనం మార్చుకున్నది దేవుణ్ణి కాదు, ఊరిని. మతంలో దేవుడు ఒక భాగం, గుంపు ఇంకో భాగం. ఎమిల్ డర్క్‌హైమ్ అనే ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త 1912లోనే ఇలాంటి మాట అన్నాడు, మనుషులంతా ఒకచోట చేరినప్పుడు పుట్టే ఆ ఉద్రేకమే మతానికి ఊపిరి అని. మన అమ్మమ్మలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, జాతరలో డప్పు మోగుతుంటే పూనకం ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పాకుతుందో వాళ్ళు చూశారు. ఆ రెండో భాగం ఊళ్ళ నుంచి జారిపోతోంది, దాన్ని క్రికెట్ పట్టుకుంది. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు చెప్పింది, 2024 జూన్‌లో గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా జట్టు సూపర్ ఓవర్లో పాకిస్తాన్‌ని ఓడించిన రోజున తనకి ఏ సంబంధం లేని జట్టు కోసం పక్క సీటు గుజరాతీ ఆవిడ చేయి పట్టుకుని అరిచిందట. అక్కడ గుడి ఉంది, అన్ని పండగలకీ వెళ్తుంది. "గుడిలో మన వాళ్ళే కదా అన్నయ్యా, ఇక్కడైతే ఎవరో తెలియని వాళ్ళు" అంది.

తెలియని వాళ్ళు అన్న ఆ మాట నేను తేలిగ్గా తీసుకోలేను. ఎందుకంటే మా ఊరి ప్రభ గురించి పైన రాసినదాంట్లో ఒక విషయం దాటేశాను. మోకులు అందరూ పట్టుకునేవారు కాదు. డప్పు కొట్టే వాళ్ళు ముందు నడవాలి, ప్రభని మాత్రం ముట్టుకోకూడదు. నా చిన్నప్పుడు అది ఎవరికీ తప్పుగా అనిపించలేదు, నాక్కూడా. నాతో స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చునే వాడు ఆ రోజు మోకుకి పది గజాల దూరంలో నడిచేవాడు. వాడు మాత్రం మా స్కూలు జట్టులో ఓపెనింగ్ బౌలర్. గ్రౌండులో వాడి చేతిలోంచి బంతి తీసుకునే వాళ్ళం, వికెట్ పడితే వాణ్ణి ఎత్తుకునే వాళ్ళం. ఊరు ఇవ్వనిది ఆట ఇచ్చింది వాడికి, మా అందరికీ కూడా.

ఆటకి ఇది మొదటి నుంచీ ఉన్న గుణం కాదు. మన దేశంలో క్రికెట్ పెరిగిందే మతాల జట్లతో. బొంబాయిలో హిందువులకి ఒక జట్టు, పార్సీలకి ఒకటి, ముస్లింలకి ఒకటి, యూరోపియన్లకి ఒకటి. 1912 నుంచి ఈ నాలుగు జట్ల పోటీకి జనం విరగబడి వచ్చేవారు. మన తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు 1926లో హిందువుల జట్టు తరఫునే ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 కొట్టాడు, అందులో పదకొండు సిక్సర్లు. ఆయనే తర్వాత దేశానికి మొదటి టెస్ట్ కెప్టెన్. అదే హిందువుల జట్టులో ఆయనకన్నా ముందు తరంలో పల్వంకర్ బాలూ అనే దళిత బౌలర్ ఉండేవాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వంద పైగా వికెట్లు తీశాడు. పూనాలో మొదట్లో ఆయన చేతి బంతిని అందరూ ముట్టుకునేవారు, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి పాత్రలో పోసేవారు. ఆయన్ని కెప్టెన్ చేయలేదు. చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. మతాల వారీ జట్లు ఆటకి మంచివి కావని 1940లో గాంధీగారు అన్నారు, 1946తో ఆ పోటీలు ఆగిపోయాయి. అంటే స్టాండ్స్‌లో నా పక్కన కూర్చున్న వాడి కులం నాకు తెలియకపోవడం అనే ఈ చిన్న సంగతి ఊరికే రాలేదు. దాన్ని ఎవరో పోరాడి సంపాదించారు. అందుకే 2021లో పాకిస్తాన్ చేతిలో ఓడిన రాత్రి మన బౌలర్ షమీని మతం పేరుతో ఆన్‌లైన్లో తిట్టినప్పుడు నాకు మ్యాచ్ పోయినదాని కన్నా ఎక్కువ బాధ కలిగింది. వందేళ్ళ కిందటి ఆ నాలుగు జట్లని మళ్ళీ పట్టుకొచ్చినట్టు అనిపించింది.

సరే, ఆట ఊరి స్థానం తీసుకుంది, కులం గోడ కొంత పగలగొట్టింది, మంచిదే. మరి నాకు అభ్యంతరం ఎక్కడ? ప్రభ మాది. ఐపీఎల్ జట్టు మాది కాదు.

డెక్కన్ ఛార్జర్స్ గుర్తుందా? 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. హైదరాబాద్ కుర్రాళ్ళు ఆ జెర్సీలు వేసుకుని తిరిగారు. 2012లో యాజమాన్యం డబ్బు ఇబ్బందుల్లో జట్టే రద్దయిపోయింది. మర్నాడు ఆ అభిమానం ఎక్కడికి వెళ్ళాలి? వేరే కంపెనీ వచ్చింది, సన్‌రైజర్స్ అన్నారు, రంగు మారింది, మళ్ళీ ప్రేమించాం. వార్నర్ తెలుగు పాటలకి డాన్సులు చేస్తే మన ఇంటి పిల్లాడే అనుకున్నాం, 2016లో కప్పు కూడా తెచ్చాడు. 2021లో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోనే లేకుండా చేశారు, మరుసటి ఏడాది వేలంలో వేరే ఊరు. మనల్ని ఎవరైనా అడిగారా? ఊరి గుడి ఎంత పేదదైనా దాన్ని ఎవరో కొనుక్కుని పేరు మార్చి ఇంకో ఊరికి పట్టుకుపోరు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి. ఆ కోట్లు ఎవరి కేకలకి కట్టిన ధర? మన కేకలకే కదా. మన పూనకాన్ని మనకే అమ్ముతున్నారు, నాకు అది మింగుడుపడదు.

బెట్టింగ్ సంగతి ఇంకా ఘోరం. మా చుట్టుపక్కల ఊళ్ళలో క్రికెట్ పందేల వల్ల పొలాలు పోయిన ఇళ్ళు నాకు తెలుసు. ఒక ఇంట్లో పిల్లాడే పోయాడు, ఇరవై రెండేళ్ళు, డిగ్రీ అయిపోయింది, తండ్రికి చెప్పలేని అప్పు. నేను ఆ ఇంటికి వెళ్ళాను. ఆ తల్లి "మ్యాచ్ చూస్తున్నాడనే అనుకున్నానయ్యా" అంది, ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తూ ఉంటుంది. మొక్కుకీ పందేనికీ తేడా చూడండి. కోరిక తీరితేనే మొక్కు చెల్లిస్తాం, తీరకపోతే దేవుడు వచ్చి అడగడు. పందెంలో ఓడిపోయి, అసలే గుండె పగిలి ఉన్న రోజునే డబ్బు కట్టాలి. ఆంధ్రలో, తెలంగాణలో ఆన్‌లైన్ పందేల మీద ఎప్పుడో నిషేధం పెట్టారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఉండాలి. కానీ ఊళ్ళో టీకొట్టు దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి పని, తోడు దొరకనంత కాలం చట్టం ఒక్కటే ఆపుతుందన్న నమ్మకం నాకు లేదు.

2025 జూన్ 3న బెంగళూరు జట్టు పద్దెనిమిదేళ్ళ తర్వాత ఐపీఎల్ కప్పు గెలిచింది. మర్నాడు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ వార్త చూస్తుంటే నాకు 2015లో రాజమండ్రి పుష్కరఘాట్ గుర్తొచ్చింది, మొదటి రోజే ఇరవై మందికి పైగా నలిగిపోయారు. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు. చనిపోయిన వాళ్ళు అన్నిచోట్లా ఒకే రకం మనుషులు, పొద్దున్నే ఇంట్లో చెప్పి, శుభ్రంగా తయారై, సంతోషంగా బయల్దేరిన వాళ్ళు. గుడైనా ఆటైనా మన వ్యవస్థలకి జనం అంటే లెక్కే, మనుషులు కాదు. అంతకన్నా నన్ను కలచివేసింది తర్వాత జరిగింది. వారం తిరక్కుండా అభిమానుల గ్రూపుల్లో మళ్ళీ ఎవరు గొప్ప ఎవరు కాదు అనే గొడవ మొదలైంది.

ఇంగ్లండ్‌లో ఇలా జరగలేదు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు పోయారు, కొందరు ఏళ్ళ తర్వాత ఆ గాయాలతోనే. తాగి గొడవ చేసింది అభిమానులేనని పోలీసులు తప్పుడు మాట ప్రచారం చేశారు. ఆ ఊరు ఊరుకోలేదు. తల్లిదండ్రులు, అభిమానులు 27 ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి 2016లో జ్యూరీ చేత అది అన్యాయపు చావేనని, తప్పు అభిమానులది కాదని చెప్పించారు. లివర్‌పూల్ అభిమానులు ఇప్పటికీ పోయిన వాళ్ళని తలుచుకుంటారు. నా వాదనకి ఇది అడ్డం వస్తుందని నాకు తెలుసు. ఆట కూడా చావుని మోయగలదని వాళ్ళు చూపించారు. కానీ మోసింది ఆట కాదు, పక్క సీటు వాడి చావు తన ఇంటి చావు అనుకున్న మనుషులు. మనం పక్క సీటు వాణ్ణి కావిలించుకోవడం దాకా వచ్చాం. వాడి పాడె పట్టేదాకా ఇంకా రాలేదు.

నాన్న పోయినప్పుడు నాకు ఇది తెలిసింది. ఆయన నమ్మకాల ప్రకారం ఏ కర్మా వద్దనాలి, కానీ అమ్మ కావాలంది, చేశాం. ఆ పన్నెండు రోజులు నేను ఏమీ ఆలోచించక్కర్లేకుండా పోయింది. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు తినాలి, ఎవరు వంట పంపాలి, అన్నీ ఎవరో ఎప్పుడో నిర్ణయించి పెట్టేశారు. అమ్మని పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు పక్కన కూర్చుని ఏడవడం మొదలుపెడితే అంతదాకా రాయిలా ఉన్న అమ్మ కూడా ఏడ్చింది. ఆ సమయంలో ముప్పై ఏళ్ళు నాకు ఇంత ఇచ్చిన ఆట దగ్గర నాకు చెప్పడానికి ఒక్క మాట లేదు. ఆ తప్పు ఆటది కాదు, దానికి ఆ పని ఎవరూ నేర్పలేదు. చావు వచ్చిన ఇంట్లో ఏం చేయాలో చెప్పలేనిదాన్ని మతం అని ఎలా పిలవను?

ఒక్కటి మాత్రం ఇక్కడ చెప్పాలి. పదేళ్ళుగా మాకు ఒక క్రికెట్ వాట్సాప్ గ్రూప్ ఉంది, సగం మందిని నేను ఎప్పుడూ చూడలేదు. నాన్న పోయాడని రాస్తే అందరూ ఓదార్పు మాటలు పెట్టారు, కాసేపటికి గ్రూపులో మళ్ళీ మ్యాచ్ కబుర్లు మొదలయ్యాయి, నాకు కోపం రాలేదు. మూడో రోజు పొద్దున మా అరుగు మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, విజయవాడ నుంచి మొదటి బస్సుకి వచ్చాడు. పేరు చెప్తే గానీ గుర్తుపట్టలేకపోయాను, గ్రూపులో రోజూ నాతో గొడవపడే వాడే. రెండు గంటలు కూర్చున్నాడు. క్రికెట్ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు "కర్చీఫ్ ఉందా అన్నా" అని అడిగి తనది నా చేతిలో పెట్టి వెళ్ళాడు. వాడిలాంటి వాళ్ళు గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు, అది ఊరు అవుతుంది.

ఇక నాన్న పోయిన ఏడాది, 2024 జూన్ 29. మాకు ఇంకా ఏటిసూతకం. ఉగాది చేయలేదు, పిండివంటలు లేవు, మార్చిలో శివరాత్రికి కొండకీ వెళ్ళలేదు. ఆ రాత్రి బార్బడోస్‌లో దక్షిణాఫ్రికాతో టీ20 ప్రపంచకప్ ఫైనల్. ఎనిమిదింటికి టీవీ పెట్టబోతూ ఆగాను. అమ్మ పక్కగదిలో ఉంది. పెట్టొచ్చో కూడదో నాకు తెలియలేదు. అడిగితే అమ్మ కొంచెంసేపు నిజంగానే ఆలోచించింది. "మ్యాచ్ పండగ కింద లెక్కా?" అంది తనలో తను అనుకుంటున్నట్టు. మా ఇంటి పురోహితుణ్ణి అడిగినా ఆయన దగ్గర కూడా సమాధానం ఉండదేమో, ఏ శాస్త్రంలో రాసి ఉంటుంది. "టీవీ సౌండ్ తగ్గించి చూసుకో" అంది చివరికి.

సౌండ్ లేకుండానే చూశాను. దక్షిణాఫ్రికాకి ముప్పై బంతుల్లో ముప్పై కావాల్సి వచ్చినప్పుడు అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆఖరి ఓవర్ మొదటి బంతికి సూర్యకుమార్ బౌండరీ గీత అవతలికి ఇవతలికి దూకి ఆ క్యాచ్ పట్టేసరికి లోపలికి వచ్చింది. ఏడు పరుగులతో గెలిచాం. బయట పిల్లలు టపాకాయలు మొదలుపెట్టారు. టీవీలో రోహిత్ పిచ్ దగ్గర వంగి చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకున్నాడు, తీర్థం తీసుకున్నట్టు. నేను లేచి నిలబడి ఉన్నాను, ఎప్పుడు లేచానో తెలియదు. అమ్మ గోడవారన ఉన్న ఆ ప్లాస్టిక్ కుర్చీ వంక చూస్తోంది.

"మీ నాన్న లేచేవాడా ఇప్పటికి?" అని అడిగింది.

"కప్పు చేతికి ఇచ్చేదాకా లేవడమ్మా" అన్నాను.

"అయితే కూర్చో" అంది.